రెండోసారి పెట్టని వేలు

చెల్లెలు మహాదేవికి, ఎమ్మిగనూరు నుంచి అక్క గిడ్డమ్మ రాసేది.

మరిది కంబన్నకు మోకాలి నొప్పి తగ్గిందా? నీ కొడుకు వీరభద్రునికి ఆ పొడిదగ్గు పోయిందా, ఇంకా బీడీ తాగుతానే ఉండాడా? నీ కంట్లో చుక్కలమందు మర్చిపోకుండా వేసుకుంటాండావా? ఈడ మేం బాగుండాం. బాగుండాం అని రాస్తాండా గానీ, పదైదు దినాలకు పైగా నీకు ఒకటి దాచినా. ఫోన్లో అయితే అంతా చెప్పలేనని రాస్తాండా.

పోయిన నెల మా మగ్గాల వీధికి ఒకాయప్ప వచ్చినాడు. నేసేవాళ్లకు సిమ్ము ఊరికే ఇస్తామని ఓబన్న అరుగు మీద వేలిముద్ర మిషన్ పెట్టుకోని కూచున్నాడు. మన వేళ్ల సంగతి నీకు తెలుసు కదా. పోగులు అతికి అతికి గీతలన్నీ అరిగిపోయినాయి. రేషన్ అంగట్లో నాలుగు మాట్లు ఒత్తితే గానీ పడదు. అందుకే ఆయప్ప "పడలేదు, ఇంకోసారి పెట్టు" అంటే యెవరికీ అనుమానం రాలే. నా కొడుకు ఉమామహేశ్వర మూడు మాట్లు పెట్టినాడు.

నా వంతు వచ్చింది. నాకు అన్నిటికీ భయమే కదా, ఆ మిషన్ దీపాన్నే చూస్తాండా. రేషన్ అంగట్లో వేలు పడితే పచ్చదీపం వెలుగుతాది. ఈడా పచ్చగానే వెలిగింది. ఆయప్ప మాత్రం పడలేదవ్వా అన్నాడు. నేను చెయ్యి కొంగులో దాచుకున్నా.

"పడింది నాయనా. దీపం చూసినా. ఇంకోసారి పెట్టను."

వీధంతా నవ్వింది. గిడ్డవ్వ వేలు యెత్తుకపోయి యేం చేసుకుంటారో అని పక్కింటి జీవమ్మ. నా కొడుకు అందరి ముందరే, పరువు తీసినావు కదమ్మా అన్నాడు. అప్పటి నుంచి పదైదు దినాలు నాతో మాట్లాడలే. అన్నం తినేటప్పుడు కూడా గోడ పక్కకు తిరిగి కూచుంటాండె. నాకే మతి చెడిందేమో అని శానా ఏడ్చినా చెల్లీ.

మొన్న బేస్తవారం కర్నూలు నుంచి పోలీసులు వచ్చినారు. ఆయప్ప మొదటి వేలిముద్రకు సిమ్ము మనకిచ్చి, రెండోదానికి మన పేరు మీదనే ఇంకోటి తీసి దొంగలకు అమ్మినాడంట. వాటితో వాళ్లు యాడాడో జనాన్ని మోసం చేసినారంట. మా వీధిలో పద్నాలుగు మంది పేర్లు చదివినారు. మావాని పేరు మీద దొంగ సిమ్ములు రెండు. నా పేరు మీద నా చేతిలో ఉండేది ఒక్కటే. ఎస్సై నా దిక్కు తిరిగి, నీకెవరు చెప్పినారవ్వా అని అడిగినాడు. యెవరూ చెప్పలేదప్పా, దీపం చూసినా అన్నా.

ఆ సిమ్ములు మూయించినారు. పని లేనప్పుడు ఆధార్ వేలిముద్రకు ఫోన్లోనే తాళం వేసుకోవచ్చని చెప్పి పోయినారు. మావాడు ఫోన్ తెచ్చి నా పక్కన కూచున్నాడు.

"అమ్మా, తాళం పడిందేమో నువ్వే చూడు."

కండ్లద్దాలు పెట్టుకోని ఫోన్లో ఆ చిన్న అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కోని చూసినా. పడింది. ఇప్పుడు జీవమ్మ కూడా రేషన్ అంగటికి నన్ను పిల్చుకోని పోతాండాది, దీపం చూసేదానికి.

ఆయప్ప ఇంకా దొరకలే. మీ ఆలూరుకు వస్తాడేమో అని నాకు నిద్ర పట్టలే. నేను వచ్చేదాకా మీ ఇంట్లో యెవరూ యే మిషన్ మీదా వేలు పెట్టొద్దు. తాళం నేనే దగ్గరుండి వేయిస్తా. వచ్చే ఆదివారం, తొమ్మిదో తేదీ, పొద్దున బస్సుకు మావాడే నన్ను పిల్చుకోని వస్తాడు.

మీ అక్క,
గిడ్డమ్మ