మోకాలు బాగయిందని ఎవరు చెప్పమన్నారు?

నంద్యాల, శుక్రవారం

అమ్మకు ఫెబా వందనాలు.

ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వకుండా ప్రార్థన మొదలుపెడతావు, అందుకే కార్డు రాస్తున్నాను. నా మోకాలు పూర్తిగా బాగయిందని ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పావట! ఎవరు చెప్పమన్నారు? ఆపరేషన్ కుట్లు మానాయి గానీ ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాను.

నిన్న ఆళ్లగడ్డ నుంచి సుమో కుస్తీ పోటీలు పెట్టేవాళ్లు ఈ ఆస్పత్రికే వచ్చారు. "బాగయిందని మీ అమ్మే చెప్పింది గదమ్మా. స్టేట్ ఛాంపియన్ వస్తాందని ఊరంతా ఫ్లెక్సీలు కట్టినాం. నువ్వు రాకుంటే మా మర్యాద ఏం గావాల?" అని నా మీదే కేకలేశారు. వాళ్ల మర్యాద కోసం నా కాలు పోవాలా? ఇప్పుడు బరిలోకి దిగితే కుట్టిన నరం మళ్లీ తెగుతుందని డాక్టరమ్మ వాళ్ల ముఖం మీదే చెప్పి పంపింది.

"విశ్వాసంతో ముందే చెప్పినా" అంటావు, నాకు తెలుసు. దేవుణ్ని తొందరపెట్టడం కూడా విశ్వాసమేనా?

నాయనను పంపి ఆ ఫ్లెక్సీలు విప్పించు. తమ్ముడు శ్యాంతో జొన్నపిండి పంపు, ఈ మెస్సు కూడు సయించడం లేదు. బర్రె ఈనిందా? అవ్వకు, పాస్టరమ్మకు నా వందనాలు.

మా ఆటలో మోకాలు నేలకు తగిలితే ఓడినట్టు. ఇప్పుడు ఆ మోకాలిని నేలకు ఆనించడానికే రోజూ తంటాలు పడుతున్నాను. ప్రార్థన కూడా కుర్చీలో కూర్చునే చేస్తున్నాను. చర్చిలో నీ పక్కన మోకరించిన రోజు నేనే లేచి సాక్ష్యం చెబుతాను. అంతదాకా నువ్వు లేవొద్దు.

నీ కూతురు
ఫెబా