ఫోన్‌లో తెరుచుకున్న మామ స్కాన్

గుత్తి, మంగళవారం రాత్రి

సాయంత్రం కరెంటు పోయింది. వైఫై ఆగి, మ్యాక్‌లో అనంతపురం ఆసుపత్రి స్కాన్లను ఇంటి నుంచి చూసే వీపీఎన్ లింకు తెగిపోయింది. రేడియాలజిస్టుగా నేను చూడాల్సిన అత్యవసర స్కాన్లు ఆగకూడదని ఐఫోన్‌లో వీపీఎన్ కలిపాను. మొదట తెరుచుకున్నది రాజన్న మామది. అమ్మ తమ్ముడు. పొద్దున అనంతపురంలో తీయించుకున్న కడుపు స్కాన్. కాలేయం నిండా గడ్డలే. చిన్న తెర కదా, పొరపాటు పడ్డానేమోనని పెద్దది చేసి మళ్లీ చూశాను. పొరపాటు కాదు. రిపోర్టు పంపేశాను.

కాసేపటికి మామే వచ్చాడు.

"నాది వచ్చిండాదా పాపా?"

"ఇంగా రాలేదు మామా."

వీపీఎన్‌లో చూసింది బయట చెప్పకూడదని నియమం. నియమం లేకున్నా నాకు నోరు వచ్చేది కాదు.

"రేపు నువ్వు గూడా ఆసుపత్రికి రా పాపా. డాక్టరు చెప్పేది నాకు అర్థం కాదు," అన్నాడు.

వస్తానన్నాను. డాక్టరు చెబుతున్నంతసేపూ మామ నా ముఖమే చూస్తాడు, నాకు ముందే తెలుసని అందులో చదివేస్తాడు...