నలభై నాలుగో బస్తా

జూలై 7, సోమవారం

ఉదయం 6.10. బరువు 61.2.

పది నెలల్లో పదిహేను కిలోలు తగ్గాను. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇప్పుడు నా పేరు లలిత కాదు, డైట్ మేడం. పక్క సెక్షన్ల వాళ్ళు వచ్చి నేనేం తింటున్నానో అడుగుతారు. విని, విచారంగా వెళ్ళిపోతారు.

పోయిన వారం తార్నాకలో డైటీషియన్ సింధూజ గారికి చెప్పాను, దువ్వెన నిండా జుట్టు వస్తోందని, మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయని. మందు ఇస్తారనుకున్నాను. చపాతీ ఇచ్చారు.

"ఇగ తగ్గుడు బంద్ మేడం. ఉన్న బరువు నిలబెట్టుకోవాలె. అంటే ఎక్కువ తినాలె."

రెండు వారాల తీర్మానం:
పొద్దున ఒక గుడ్డు అదనం.
సాయంత్రం నాలుగింటికి గుప్పెడు శనక్కాయలు.
రాత్రి రెండో చపాతీ.
బరువు మిషన్ ఆదివారం మాత్రమే.

మిషన్‌ను మా ఆయన అనిల్ అటక మీద పెట్టేశాడు. నేను ఎగిరినా అందదు. పదిహేను కిలోలు దించినదాన్ని, ఒక్క చపాతీకి భయపడతానా!

రాత్రి 8.30. రెండో చపాతీ తిన్నాను. బాగుంది. మరీ బాగుంది. అదే అనుమానంగా ఉంది.

జూలై 8, మంగళవారం

గుడ్డు తిన్నాను. శనక్కాయలు కూడా. గుప్పెడంటే ఎవరి గుప్పెడో సింధూజ గారు చెప్పలేదు. పక్క సీటు కరుణ కూతురికి మూడేళ్ళు. ఆ పిల్ల గుప్పెడు లెక్కన పద్నాలుగు గింజలు.

మధ్యాహ్నం 3.00. చిత్తు కాగితం మీద లెక్క వేశాను. చపాతీ నలభై గ్రాములు. ఏడాదికి 365 చపాతీలు. 14 కిలోల 600 గ్రాములు. అంటే వచ్చే జూలైకి పోయిన లలిత మొత్తం తిరిగి వస్తుంది.

అనిల్‌కి చూపించాను. "ఆ లెక్కన నువ్వు పుట్టినప్పట్నుంచి తాగిన నీళ్లకు తుంగభద్ర డ్యామంత ఉండల్ల కదే" అన్నాడు. కర్నూలు వాళ్ళకు ఎకసెక్కాలు ఎక్కువ. నేనూ కర్నూలే, కానీ నాది బాధ.

జూలై 9, బుధవారం

బీరువా తెరిచాను. అసలు భయం అందులో ఉంది.

మే నెలలో పన్నెండు జాకెట్లు టైలర్ లక్ష్మీనర్సయ్యకిచ్చి బిగించమన్నాను. "లోపట రెండు వేళ్ల గుడ్డ ఇడుస్త అమ్మా, రేపు అవసరమైతె కుట్లు ఇప్పుకోవచ్చు" అన్నాడు. ఏ ఆడదీ అనని మాట అన్నాను. "వద్దు. కత్తిరించెయ్. ఆ లావు మళ్ళీ రాదు."

దుకాణంలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నా వైపు అదోలా చూశారు. గౌరవం అనుకున్నాను. జాలి అని ఇప్పుడు తెలుస్తోంది. ఒక్క కిలో పెరిగినా పన్నెండు జాకెట్లూ పోయినట్టే.

రాత్రి రెండో చపాతీలో సగం తిన్నాను.

జూలై 10, గురువారం

గురుపౌర్ణమి. ఉపవాసం.

జూలై 12, శనివారం

వెంకటేశ్వర స్వామికి ఒక్కపొద్దు.

జూలై 13, ఆదివారం

ఉదయం 6.00. మిషన్ దింపించాను. 61.6.

నాలుగు వందల గ్రాములు!

6.05. హాల్లో గచ్చు సరిగా లేదేమో. వంటింట్లో 61.5. బాల్కనీలో 61.7. బాల్కనీకి ఇక వెళ్ళను.

జూలై 14, సోమవారం

సంకటహర చతుర్థి. వినాయకుడికి ఉపవాసం.

"ఏంటికే ఇంత భక్తి? దేవుళ్లకు గూడా అనుమానమొస్తాది" అన్నాడు అనిల్. మిషన్ మళ్ళీ అటకెక్కించాడు. స్టూలు కూడా ఎక్కడో దాచాడు.

జూలై 15, మంగళవారం

దేవుడెవరూ దొరకలేదు. ఆంజనేయస్వామి ఉన్నాడు గానీ అనిల్ గుమ్మంలోనే నిలబడి కాపలా కాశాడు. రెండో చపాతీ తీసుకున్నాను. అతను ఫోన్ మాట్లాడుతుంటే వీధి కుక్కకు వేశాను. అది వాసన చూసి తినేసింది. దానికి భయం లేదు.

జూలై 16, బుధవారం

ఆఫీసులో పాత జవాబు పత్రాలు తూకం వేస్తున్నారు, లారీకెక్కించడానికి. బస్తాలు పెట్టే పెద్ద కాటా వరండాలో. అంకెల డబ్బా కిటికీలో, రెండు వైపులా కనిపించేలా. లోపల అటెండర్ గట్టయ్య అంకె చూసి చీటీలో రాస్తున్నాడు.

మధ్యాహ్నం 1.15. చివరి బస్తా దించి కూలీలు భోజనానికి వెళ్ళారు. వరండా ఖాళీ. గట్టయ్య తల వంచుకుని రాసుకుంటున్నాడు.

ఒక్క క్షణమే. చెప్పులు విప్పి ఎక్కాను. 61.4. దిగిపోయాను. ఎవరూ చూడలేదు. తీర్మానంలో రాసింది ఇంట్లో మిషన్ గురించి. కాటా గురించి కాదు.

జూలై 17, గురువారం

కాటా గురించి కూడా రాయాల్సింది.

లారీలో నలభై మూడు బస్తాలు. చీటీలో నలభై నాలుగు. జవాబు పత్రాల బస్తా మాయమైతే చిన్న విషయం కాదు. సూపరింటెండెంట్ రాంచందర్ సార్ అందరినీ పిలిచారు.

"నా కండ్లతోని చూసి రాసిన సార్" అన్నాడు గట్టయ్య. "ఆఖరి బస్తా అరవై ఒకటి పాయింట్ నాలుగు."

ఆ అంకె నాకు తెలిసినంతగా ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

"రేపటి వరకు బస్తా దొరకాలె. లేకుంటె మెమో ఇస్త" అన్నారు సార్. గట్టయ్య మూడు నెలల్లో రిటైర్ అవుతాడు. మాణికేశ్వర్ నగర్ నుంచి రోజూ నడిచి, అందరికన్నా ముందు వచ్చి తాళాలు తీసే మనిషి.

నోరు తెరవలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. రాత్రి ఏమీ తినలేదు. ఈసారి ఏ దేవుడి పేరూ చెప్పలేదు.

జూలై 18, శుక్రవారం

పొద్దున గట్టయ్య మొహం చూశాను. సార్ గదికి బయలుదేరాను. రెండో అంతస్తు. సగం మెట్ల దగ్గర కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను.

కరుణ పరుగెత్తుకొచ్చింది. "ఏంది అక్కా, గట్ల తెల్లగైనవ్? పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలేదు. నాకు తినాలంటే భయంగా ఉంది కరుణా" అన్నాను. పది నెలల్లో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. కరుణ పల్లీపట్టీ తీసి నా నోట్లో పెట్టింది. నేను లేచేదాకా పక్కనే కూర్చుంది.

11.40. "సార్, నలభై నాలుగో బస్తా నేనే."

రాంచందర్ సార్ కళ్ళద్దాలు తీశారు. "ఏ సెమిస్టర్ మేడం?" అన్నారు అలవాటుగా.

మొత్తం చెప్పాను. నమ్మారు. కానీ ఆఫీసు కదా, రుజువు కావాలి. సెక్షనంతా చూస్తుండగా కాటా ఎక్కాను. 60.6.

"సార్, ఎనిమిది వందల గ్రాములు తక్కువున్నది" అన్నాడు గట్టయ్య, చీటీ చూస్తూ.

"అయితె టాలీ గాదు" అన్నారు సార్.

"టాలీ ఎట్ల గాదు సార్? అక్క నిన్నటి సంది తినలె" అని కరుణ టిఫిన్ డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. గట్టయ్య తన గుడ్డు కూర తెచ్చాడు. సార్ కాసేపు ఆలోచించి తన పెరుగన్నం సగం ఇచ్చారు. ఒకరి ఉద్యోగం నా పొట్టలో ఉంది. ఇంక భయపడే తీరిక ఎక్కడిది? వరండాలో కూర్చుని తిన్నాను. రొట్టె ఎంత రుచిగా ఉందో, తింటూ ఏడ్చేశాను.

1.05. ఎక్కాను. 61.3.

"ఇంకో గిలాసెడు నీళ్లు తాగున్రి మేడం" అన్నాడు గట్టయ్య. సగం తాగాను.

61.4. చప్పట్లు కొట్టారు. బరువు పెరిగినందుకు నాకు చప్పట్లు కొట్టడం ఇదే మొదలు. గట్టయ్య చీటీలో ఆఖరి వరుస కొట్టేసి పక్కన రాశాడు: "బస్తా కాదు, మేడం."

జూలై 19, శనివారం

లక్ష్మీనర్సయ్య దుకాణానికి వెళ్ళాను. "పన్నెండు జాకెట్లు కొత్తగా కుట్టాలేమో. నేను ఎక్కువ తినబోతున్నాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను తెచ్చిన జాకెట్ లైనింగ్ దగ్గర ఒక కుట్టు విప్పి లోపలికి వేలు పెట్టి చూపించాడు. రెండు వేళ్ళ గుడ్డ, లైనింగ్‌కి పైగుడ్డకి మధ్య మడిచి దాచి ఉంది.

"నలభై ఏండ్ల సంది కుడుతున్న అమ్మా. కోసెయ్ అన్నోళ్లందరు మళ్ల వచ్చిన్రు. అందుకే ఎవ్వరియి కోయలె."

రెండు నెలలుగా ఆ గుడ్డ నా ఒంటి మీదే ఉంది.

జూలై 21, సోమవారం

రెండు వారాల తీర్మానం, మళ్ళీ మొదటి నుంచి:
గుడ్డు.
శనక్కాయలు. నా గుప్పెడు.
రెండో చపాతీ. నా కోసం, కుక్కకు కాదు.
మిషన్ ఆదివారం మాత్రమే. కాటా, కూరగాయల త్రాసు, పాతపేపర్ల వాడి త్రాసు, రైల్వేస్టేషన్ మిషన్ కూడా ఇందులోకే వస్తాయి.

రాత్రి 8.30. రెండో చపాతీ తిన్నాను.

8.40. భయమేసింది. 365 ఇంటూ నలభై...

8.45. బీరువా తెరిచి జాకెట్ లైనింగ్‌లో వేలు పెట్టి చూసుకున్నాను. గుడ్డ ఉంది. వెళ్ళి ఇంకో సగం చపాతీ తిన్నాను.