కాల్చింది నేనే అన్నారు నాన్న

శుక్రవారం రాత్రి, ఐన్ ఖాలిద్, గల్ఫ్

సాయంత్రం చర్చి నుంచి వచ్చాక నాన్నా నేనూ టీవీలో కౌబాయ్ సినిమా చూస్తూ కూర్చున్నాం. ముసుగు దొంగలు గుర్రాల మీద వచ్చి రైలు ఆపారు, లోపల అందరూ ఒకటే అరుపులు. నాన్న నవ్వారు.

"అన్ని అరుపులుండవమ్మా. తుపాకీ చూస్తే ఎవరికీ నోరు పెగలదు."

"మీకెలా తెలుసు నాన్నా?" అన్నాను, సరదాకే.

"పెళ్ళికి ముందు భద్రాచలం అడవి దారిలో లారీలు ఆపి దోచుకునేవాళ్ళం, నలుగురం. ఒక డ్రైవరు దిగి పరిగెత్తాడు. కాల్చింది నేనే."

నాన్న ఊళ్ళో చర్చి సంఘపెద్ద. కోడిని కోయడానికి కూడా చేతులాడని మనిషి. తమాషాకి అంటున్నారేమోనని ముఖంలోకి చూశాను. కాదు.

"బతికాడా?"

"తెలీదు. వెనక్కి చూడకుండా పారిపోయాను. మమ్మల్నెవరూ పట్టుకోలేదు. పట్టుకునుంటే అతని సంగతైనా తెలిసేది."

అమ్మకి తెలుసా అని అడగలేకపోయాను. మా ఆయనకి చెప్పాలో వద్దో…

నాన్న విజిట్ వీసా మీద వచ్చినప్పటి నుంచి మా పాప ఆయన పక్కనే పడుకుంటోంది. ఈ రాత్రి ఎత్తుకుని మా గదికి తెచ్చేశాను. నాన్నే దాని దిండు తెచ్చి, గుమ్మం దగ్గర నా చేతికిచ్చి వెళ్ళారు.