అమ్మ చేట

1986 ఫిబ్రవరి 9, ఆదివారం
ఊరెళ్లి వచ్చాను. అమ్మ చర్చికెళ్లిన సమయంలో వంటింటి గోడకున్న చేట తీసి సంచిలో పెట్టేసుకున్నాను. కాగితం గుజ్జు, మెంతిపిండి కలిపి ఏటా అలికే చేట. చిరిగిన అంచుకి చీర పేలిక చుట్టి కుట్టింది... అడిగితే ఇచ్చేదే. ఎందుకని అడుగుతుందని అడగలేదు.

ఫిబ్రవరి 14
స్కూల్లో డ్రాయింగు క్లాసులయ్యాక ఇదే పని. నల్ల చెక్క మీద చేట, చుట్టూ రోడ్ల మీద ఏరుకొచ్చిన తుప్పు రేకులు, లారీ టైరు ముక్కలు. హెడ్‌మాస్టరుగారు నన్ను పాత సామాన్లావిడ అంటున్నారట. అననీ. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

ఫిబ్రవరి 20
ఊరి నుంచి వచ్చినాయన చేత అమ్మ కబురు — "చేట కనపడట్లా, నువ్వేమన్నా చూశావా?" చూడలేదని చెప్పి పంపాను.

మార్చి 2
గుంటూరులో ప్రదర్శన. హైదరాబాదు నుంచి వచ్చిన, ప్రదర్శనలు పెట్టే పెద్దాయన చేట ముందే నిలబడిపోయారు. "ఎక్కడ దొరికిందమ్మా ఇది?"
"మిర్చి యార్డు వెనక చెత్తకుప్పలో సార్."
తిరిగి చూస్తే అమ్మ. చర్చికి కట్టుకునే చీరలో. ఎవరు చెప్పారో, బస్సెక్కి వచ్చేసింది. ఆవిడెవరని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.
బస్టాండు దాకా నడిచి అమ్మని బస్సెక్కించాను. బస్సు కదలబోతుంటే — "నేనెప్పుడు పారేశానే అది?" కిటికీలోంచి తల బయటపెట్టి, "అంతమందిలో తగిలిస్తావని తెలిస్తే కొత్తగా అలికిచ్చేదాన్ని గదా."

మార్చి 3
సిగ్గుతో చచ్చిపోతున్నాను. క్లాసులో సుద్దముక్క పట్టుకుని ఏం గీయాలో మర్చిపోయాను.

మార్చి 5
అమ్మదని చెబితే అమ్మ ఏం చేస్తుందని అడుగుతారు. కూలికెళ్లి మిరపకాయల తొడిమలు తీస్తుందనడానికి నాకు నోరు రాదు. చెత్తకుప్ప అనడానికి మాత్రం వచ్చింది.

మార్చి 8
పెద్దాయన కార్డు రాశారు. హైదరాబాదు ప్రదర్శనకి చేట కావాలట. దాని కింద చీటీ మీద వేయడానికి, ఎక్కడ దొరికిందో రెండు ముక్కలు రాసి పంపమన్నారు. కూర్చున్నాను... లేచాను.

మార్చి 9
ఆదివారం. ఊరెళ్లలేదు. అమ్మ పక్కింటి చేట అడిగి తెచ్చుకుంటోందట.

మార్చి 12
సాయంత్రం మా ఊరి బస్సు కండక్టరు స్కూలు గేటు దగ్గర చిన్న పొట్లం ఇచ్చి వెళ్లాడు. "మీ అమ్మ ఇమ్మందండి టీచరమ్మా. ఇది నిజంగానే పారేసిందంట. ఎవరన్నా అడిగితే అట్టాగే చెప్పమంది."
విప్పగానే తుమ్ములు, కళ్ల నీళ్లు. తొడిమలు తీసేటప్పుడు ఘాటుకి అమ్మ మూతికి కట్టుకునే గుడ్డ. ఉతికింది, మడత పెట్టింది. అయినా ఎరుపు పోలేదు.
కల్లాల్లో కాయ ఇంకా రాసులుగానే ఉంది. రేపు పనికెళ్తే ఏం కట్టుకుంటుంది —