మా నాన్న పేరున ఒక చట్టం

శాసనసభ్యులు గారికి నమస్కారాలు.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే కాబట్టి ఈ ఉత్తరం పని నాకు పడింది. మన మిసిసిపి రాష్ట్రంలో కొన్ని నేరాలకు పోయిన ఓటు శిక్ష ముగిశాక తిరిగి రావాలంటే, ఆ మనిషి పేరుమీదే శాసనసభ ఒక చట్టం చెయ్యాలట. మా నాన్న ఎజ్రా పికెట్ పేరున ఆ బిల్లు మీరు పెట్టాలని కోరుతున్నాను.

ఆయన కుర్రతనంలో పరాయివాళ్ల పైన్ చెట్లు కొట్టి అమ్మి జైలుకెళ్లారు. మత్తుమందులు అమ్మి అదే జైల్లో ఉండి వచ్చిన క్లైడ్ మామయ్యకు మాత్రం ఓటు ఉంది. ఓటు పోగొట్టే నేరాల్లో కలప దొంగతనం ఉంది, మత్తుమందు లేదు. ఎన్నికల రోజున చర్చి వ్యాన్‌లో అందరినీ పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్లేది నాన్నే. "ఒరేయ్ ఎజ్రా, చెట్ల జోలికెందుకు పోయావురా? నా వ్యాపారంలోకి వచ్చుంటే ఇవాళ నాతో లోపలికొచ్చేవాడివి" అంటూ మామయ్య దిగుతాడు. నాన్న వ్యాన్‌లోనే కూర్చుంటారు.

మీరు మా చర్చికి వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి పట్టుకుని ఓటు అడుగుతారు. తనకు ఓటు లేదని చెప్పడానికి నాన్న సిగ్గుపడి సరేనంటారు.

నిన్న నాన్న, "ఓటొచ్చినా ఆ శాసనసభ్యుడికి వెయ్యనని కూడా రాయమ్మా" అన్నారు.

"అది రాస్తే బిల్లు పెడతారా నాన్నా?"

"రాయకపోతే ఉత్తరమే పంపొద్దు."

కాబట్టి రాశాను. దయచేసి పరిశీలించగలరు.

ఇట్లు,
ఎజ్రా పికెట్ గారి అమ్మాయి