రేకు గోడ మీద చెయ్యి

ఐలాండ్ బే, వెల్లింగ్టన్

స్టూడియో వారికి,

మీరు దొంగలు. ఇంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు. మీ సినిమాలో అంతరిక్ష నౌక గోడ మా పెరటి షెడ్డు గోడే! అదే తుప్పు, అదే వంకర మేకు. హాల్లో లేచి "అది మా షెడ్డు!" అని అరిచాను. వెనకాయన "కూర్చోవమ్మా, నీ షెడ్డు సంగతేమో గానీ హీరో కనపడ్డం లేదు" అన్నాడు.

సరే, మరి ఆ గోడ మీది చేతిముద్ర ఏది? రంగు వేస్తూ జారి, మా ఆయన విరేము ఆనుకున్న పచ్చటి ముద్ర అది. రేవులో బరువులు మోసిన చెయ్యి. తుప్పు కావాలి, కార్మికుడి చెయ్యి అక్కర్లేదు! పెట్టుబడిదారుల బుద్ధే ఇంత.

ఆగ్రహంతో,
నోలీన్ టుహోరో

తా.క.: గోడ బాగా నటించింది. మిగతావాళ్ల గురించి చెప్పలేను.

~

గౌరవనీయులైన నోలీన్ గారికి,

కంప్యూటర్లో వస్తువులకు తుప్పూ దుమ్మూ పట్టించేది నేనే. ఫోటోలకు మీ ఇంటి యజమాని ఒప్పుకున్నారు. ఒక్క రేకు ఫోటోనే పక్కపక్కన అతికించి నౌకంతా పరుస్తాం. చెయ్యి ఉంటే అడుగడుగునా అదే చెయ్యి కనపడి, అతుకుల గుట్టు బయటపడుతుంది. అందుకే చెరిపాను. పగేమీ లేదు.

విధేయుడు,
కేలబ్ స్ట్రాహన్

తా.క.: రేకు మీది మీ పిల్లి గోళ్ల గీతలు మాత్రం, సన్నవే కాబట్టి, ఉంచాను. ఇక్కడ పలకరించేవాళ్లు లేరు. వాటిని చూస్తూ భోంచేస్తాను.

~

కేలబ్‌కు,

గోడ యజమానిది, సరే. చెయ్యి ఎవరిది? అడుగడుగునా విరేము కనపడితే నీకేం నష్టం? మా ఇంట్లో నాకు రోజూ అలాగే ఉంటుంది. ఆ చెయ్యి తిరిగి పెట్టు!

పట్టు వదలని,
నోలీన్

తా.క.: మాకు పిల్లి లేదు. అవి బార్ నుంచి వచ్చి విరేము తాళంచెవితో తలుపు వెతుక్కున్న గీతలు.

~

నోలీన్ గారికి,

మీ ఉత్తరం మా లాయర్ల దాకా వెళ్లింది. విడుదలైన సినిమాను మార్చడం కుదరదన్నారు. అయినా గోడ మీ పెరట్లోనే ఉంది కదా, వెళ్లి చూసుకోకూడదూ?

విధేయుడు,
కేలబ్

తా.క.: పిల్లి లేదన్నాక అన్నం సయించడం లేదు.

~

కేలబ్ నాయనా,

గోడ లేదు. విరేము పోయాక నేను నేపియర్‌లో చెల్లెలి దగ్గరున్నప్పుడు యజమాని కొత్త రేకులు వేయించాడు. వచ్చేసరికి చెత్తలారీ కూడా వెళ్లిపోయింది. మీ సినిమాలో మా గోడ కనపడగానే, చెయ్యి కోసమే లేచి నిలబడ్డాను. చెరపక ముందు తీసిన ఫోటో నీ దగ్గర ఉండే ఉంటుంది.

ఆశతో,
నోలీన్

తా.క.: మీ లాయర్లకు నా డిమాండ్లు:
1. సినిమాను మార్చక్కర్లేదు.
2. చేతిని అసలు కొలతలో అచ్చు వేయాలి. నా చెయ్యి ఆనించి చూస్తాను.
3. తుప్పు తుడవకూడదు.
4. తాళంచెవి గీతలు కూడా ఉండాలి.
5. పోస్టులో పంపకూడదు. ఆదివారం నువ్వే తేవాలి. గొర్రెమాంసం, కూమరా దుంపలు వేయిస్తాను.
6. ఆకలితో రావాలి.